రంగులత్త పెట్టిన పేర్లు

రంగులత్త నోట్లో మాట దాగదని వీధిలో అందరూ అంటారు గానీ, అది నిజం కాదు. ఎదురుగా మనిషి ఉన్నంతసేపూ ఆవిడ నోట్లోంచి తేనె తప్ప మరొకటి రాదు. ఆ మనిషి మెట్లు దిగి, మలుపు తిరిగి, కనుమరుగయ్యాకే అసలు మాట బయటికొస్తుంది. అదైనా నేరుగా కంప్యూటర్లోకి వెళ్తుంది.

ఆవిడది రంగుల షాపు. ముందు గదిలో కౌంటరు, కౌంటరు మీద కంప్యూటరు, వెనక నేల నుంచి పైకప్పు దాకా డబ్బాలు. లోపలి గదిలో రంగులు కలిపే యంత్రం, యంత్రం దగ్గర కొడుకు. కంపెనీవాళ్ళ షేడ్ కార్డులో లెక్కలేనన్ని రంగులున్నా ఈ వీధి జనానికి వాటిలో ఒక్కటీ నచ్చి చావదు. "ఇదే గానీ, ఇంత ఎరుపు వద్దు" అంటారొకరు. "ఇదే గానీ, సాయంత్రం ఎండ పడినట్టుండాలి" అంటారొకరు. రంగులత్త విసుక్కోదు. ఇంకో చుక్క నలుపు, ఇంకో చుక్క పసుపు వేయించి, మూత మీద పూసి ఆరబెట్టి, వచ్చినవాళ్ళు "ఆఁ, ఇదీ!" అనేదాకా కలిపిస్తూనే ఉంటుంది. అలా కుదిరిన పాళ్ళని కంప్యూటర్లో ఎక్కిస్తుంది. పక్కనే ఇంటి నంబరు, ఫోను నంబరు. రేపు గోడ పెచ్చు ఊడితే అచ్చం అదే రంగు కావాలి కదా. ఇంకే షాపులోనూ దొరకని రంగులు ఇక్కడ దొరుకుతాయంటే ఆ పాళ్ళ వల్లే.

కార్డులో లేని రంగుకి పేరుండదు. పేరు పెట్టందే కంప్యూటరు ఒప్పుకోదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

అద్దె ఇళ్ళ ఆసామి ఎప్పుడొచ్చినా "ఇంకాస్త నీళ్ళు కలిపితే ఇంకో గది రాదూ?" అని అడుగుతాడు. ఆయనది పిసినారి తెలుపు. రోగులకి భయం పోయేలా నీలం కావాలన్న పళ్ళ డాక్టరుది పన్నుపీకుడు నీలం. పక్కింటివాళ్ళు ఏ ఆకుపచ్చ వేశారో ఆరా తీసి, దానికన్నా పిసరు ముదురు కావాలన్న ఇల్లాలిది కుళ్ళు ఆకుపచ్చ. కౌంటరు ముందే పోట్లాడుకుని చెరో వైపూ నడిచి, మర్నాడు చెయ్యీ చెయ్యీ పట్టుకొచ్చిన జంటది అలిగిన గులాబి. ఇలా వీధిలో సగం గోడలకి రంగులత్త దొంగచాటుగా నామకరణం చేసింది. అందులో ఆవిడకున్న ఆనందం అంతా ఇంతా కాదు.

ఫోనులో ఆర్డరు వచ్చినప్పుడు మాత్రం ఆ పేరు పైకి అనక తప్పదు. ఫోను పెట్టేసి, కుర్చీలోంచి కదలకుండా, లోపలి గదికి వినబడేలా, "ఒరేయ్, కుళ్ళు ఆకుపచ్చ ఒక డబ్బా!" అని కేకేస్తుంది. వీధికి అవతల టైలర్ వదిన కుట్టు మిషను ఎప్పుడూ టకటకలాడుతూనే ఉంటుంది కాబట్టి ఆ చప్పుడులో తన గొంతు కలిసిపోతుందని ఆవిడ ధైర్యం. తను కేకేసే సమయానికే ఆ మిషను ఆగిపోతుందన్న సంగతి ఆవిడ ఏనాడూ గమనించలేదు.

టైలర్ వదిన ఎవరో కూడా చెప్పాలి. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఒకరినొకరు వదినా అంటే వదినా అనుకుంటారు, మధ్యాహ్నం టీ కలిసే తాగుతారు. ఒకప్పుడు ఆమె భర్త చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే ఆమె రంగుల షాపుకి వచ్చి, "ఆయన వేయించిన రంగు నా కుట్టు గదిలో ఉండకూడదు వదినా" అంటూ షేడ్ కార్డు తిప్పుతూ తిప్పుతూ దాని మీదే బొటబొటా కన్నీళ్ళు కార్చింది. రంగులత్త చటుక్కున అటు తిరిగి, ఆమె కళ్ళు తుడుచుకునేదాకా లేని డబ్బా కోసం అరలన్నీ వెతికింది. ఆ రోజు రంగుకి డబ్బు కూడా పుచ్చుకోలేదు. అంత చేసిన మనిషి, షాపు కట్టేసే ముందు పాళ్ళు ఎక్కిస్తూ, చెయ్యి అలవాటు కొద్దీ పేరు కొట్టేసింది. ఏడుపు ఊదా. మర్నాడు మార్చేద్దామనుకుంది. మర్నాడు ఏదో లారీ వచ్చింది. ఆ తర్వాత అది అలాగే ఉండిపోయింది.

ఇక పాస్‌వర్డ్ సంగతి. అది ఇంటిల్లిపాదికీ ఒకటే. కొడుకు లోపల్నుంచి "అమ్మా, పాస్‌వర్డ్?" అని అరిస్తే, రంగులత్త బయట్నుంచి "రంగులు ఒకటీ రెండూ మూడూ!" అని అరుస్తుంది. ఒకసారి ఆవిడ నోట్లో మేకులు పెట్టుకుని నిచ్చెన మీద ఉంటే, ప్రైమర్ కోసం వచ్చిన మేస్త్రీయే లోపలికి బదులు చెప్పాడు.

ఆ ఇంటికి కోడలుగా వచ్చిన పిల్ల అది విని నిర్ఘాంతపోయింది. పెళ్ళికి ముందు ఆమెది ఫోన్లెత్తే ఉద్యోగం. కంప్యూటర్లలో దొంగలు పడిన చిన్న చిన్న షాపులవాళ్ళు ఫోను చేసి గోలపెడుతుంటే ఓదార్చి, ఏం చెయ్యాలో చెప్పేది. ఇప్పుడు షాపులో బిల్లుల పని చూస్తూ, దాంతోపాటు అత్తగారి ప్రాణం తోడేస్తోంది.

"అత్తయ్యా, పాస్‌వర్డ్ మారుద్దాం. ఇది వీధి కుక్కలకి కూడా తెలుసు."

"తెలిస్తే ఏం? అవి వచ్చి రంగులు కలుపుకుంటాయా?"

"పోనీ, ఆ ఫైలుకి కాపీ ఒకటి తీసి వేరేచోట దాచుకుందాం."

"నా పాళ్ళకి కాపీయా? అవి ఈ గడప దాటితే షాపు మూసుకోవడమే. వద్దంటే వద్దు."

"కనీసం ఎవరో తెలియనివాళ్ళ మెయిల్ వస్తే దానికి తగిలించి ఉన్నవి నొక్కకండి. దొంగలు వచ్చేది ఆ దారినే."

"నేనేమన్నా చిన్నపిల్లనా, కనబడిందల్లా నొక్కడానికి?" అంది రంగులత్త. ఆ పూట కోడలి గదికి వేసిన రంగు పేరు మార్చింది. అంతకుముందు దాని పేరు కొత్తకోడలి గోధుమ. ఇప్పుడు నసుగుడు గోధుమ.

ఆ మెయిల్ రానే వచ్చింది. కోడలు భోజనానికి లేచింది, కొడుకు లోపల యంత్రంతో కుస్తీ పడుతున్నాడు. "మీ షాపు గురించి మీ కస్టమరు ఒకరు చేసిన ఫిర్యాదు. ఫోటో చూడండి" అని ఉంది.

రంగులత్తకి ఒళ్ళంతా కళ్ళయ్యాయి. తన మీద ఫిర్యాదా? ఎవరు? పిసినారి తెలుపా? కుళ్ళు ఆకుపచ్చ అయితే ఆశ్చర్యం లేదు. వీధిలో ప్రతి ఒక్కరి గురించీ ఒక మాట రాసుకున్న మనిషికి, తన గురించి ఎవరో ఏదో రాశారంటే కాలు నిలుస్తుందా? కోడలు చెప్పింది గుర్తుకు రాకపోలేదు. కానీ కోడలు తెరవొద్దన్నది తెలియనివాళ్ళవి. ఇది తెలిసినవాళ్ళదే, కస్టమరని వాళ్ళే రాశారు కదా! ఇంత చక్కటి ఆలోచన తనకు తట్టినందుకు తనను తానే మెచ్చుకుని, నొక్కింది.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. ఫోటో చూపించడానికి అనుమతిస్తారా అని అడిగింది, నిక్షేపంగా అనుమతించింది. పాస్‌వర్డ్ అడిగింది, అలవాటు కొద్దీ పైకి చదువుకుంటూ అదీ కొట్టింది. ఫోటో రాలేదు. వాళ్ళది పాత ఫోను కాబోలు, ఫోటో సరిగ్గా దిగలేదేమోనని తిట్టుకుంటూ ఆ పక్కా ఈ పక్కా కూడా నొక్కింది.

కాసేపటికి తెర నల్లబడింది. నలుపు మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ప్రియమైన వ్యాపారమా! మీ దస్త్రములు మా చేతుల యందు క్షేమముగా ఉన్నవి. మేము వానికి తాళము వేసితిమి. మీ రహస్య పేర్లను చదివి మిక్కిలి ఆనందించితిమి. రేపటి సాయంత్రములోగా చెల్లింపు చేయని యెడల, ఏ ఇంటికి ఏ పేరు పెట్టితిరో ఆ ఇంటి ఫోనుకు ఆ పేరు పంపబడును." కింద మచ్చుకి కొన్ని పేర్లు వేశారు. అలిగిన గులాబి ఉంది. ఏడుపు ఊదా ఉంది.

రంగులత్త చూపు ఆ చివరి పేరు మీదే ఆగిపోయింది. వీధి వీధంతా ఒక ఎత్తు, ఆ ఒక్క పేరు ఒక ఎత్తు. తక్కినవాళ్ళు తిడతారు, నాలుగు రోజులు మొహం తిప్పుకుంటారు, పెచ్చులూడినప్పుడు వాళ్ళే వస్తారు. టైలర్ వదిన అలా కాదు. తన కన్నీళ్ళని ఈ మనిషి ఇంటికెళ్ళి నవ్వుకోవడానికి దాచుకుందని ఆమె అనుకుంటే, వీధికి అటూ ఇటూ రెండు గుమ్మాలుంటాయి గానీ మధ్యాహ్నం టీ ఇక ఉండదు. అంతటి స్నేహం ఈ వయసులో మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

తోచిన పని చేసింది. దుమ్ము పడకుండా వేసే గుడ్డ తీసి కంప్యూటరు మీద కప్పేసి, దాని ముందు కూర్చుంది.

కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏమైంది అత్తయ్యా?"

"కరెంటు పోయింది."

కోడలు తలెత్తి చూసింది. అత్తగారి నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. గుడ్డ తీసి, చదివి, ఒక్క అంగలో గోడ దగ్గరికెళ్ళి ఇంటర్నెట్ వైరు ఊడబీకింది. "ఏం నొక్కారు?"

"ఏదో ఒకటి నొక్కాలే. అదంతా ఇప్పుడెందుకు?"

కొడుకు బయటికొచ్చి తెర చూశాడు. కలిపే కర్ర చేతిలోంచి జారి, రంగు చెప్పుల మీద పడింది. "అమ్మా, పాళ్ళు! పాళ్ళన్నీ పోయాయా? ఇక నేను లోపల ఏం కలపాలి? మజ్జిగా?"

అప్పుడు కోడలు చేసిన పని చూసి తల్లీ కొడుకూ నోళ్ళు తెరిచారు. స్టూలు జరుపుకుని ఎక్కి, పై అర మూల నుంచి ఒక డబ్బా దించింది. మూత మీద రంగులత్త చేతి రాతే ఉంది, నసుగుడు గోధుమ. మూత తీస్తే లోపల రంగు లేదు. కడిగి తుడిచిన ఖాళీ డబ్బా, అందులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన పెన్‌డ్రైవ్.

"రోజూ షాపు కట్టే ముందు కాపీ తీసి ఇందులో దాస్తున్నా అత్తయ్యా. కంప్యూటరుకే తగిలించి ఉంచితే దొంగ దీన్ని కూడా మింగేస్తాడు. మీరు వద్దన్నారు, నేను వినలేదు. ఈ డబ్బా అయితే మీరు చచ్చినా ముట్టుకోరని తెలుసు."

రంగులత్తకి ముందు కోపం వచ్చింది. తన మాట కాదని, తన పాళ్ళని, తన డబ్బాలోనే! ఆ కోపం పూర్తిగా రాకముందే సిగ్గు ముంచుకొచ్చింది. "ఆ పేరు... అది నీ గురించి కాదే. గోధుమ రంగే కాస్త నసుగుతుంటుంది."

"పర్లేదు అత్తయ్యా. నసిగాను కాబట్టే పాళ్ళు మిగిలాయి."

అంతటితో కథ అయిపోతే రంగులత్త ఆ రాత్రి హాయిగా నిద్రపోయేది. కానీ కోడలు పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని ఇంకో మాట చెప్పింది. "కంప్యూటరంతా తుడిచేసి పాళ్ళు మళ్ళీ ఎక్కిస్తా. పోలీసులకి ఫిర్యాదు కూడా చేస్తా. కానీ వాడు ఎత్తుకుపోయిన పేర్లని మాత్రం వెనక్కి లాక్కోలేం. తాళం తియ్యగలను గానీ వాడి నోరు ముయ్యలేను."

"అయితే అడిగింది వాడి మొహాన కొట్టేద్దాం" అంది రంగులత్త. రూపాయి తగ్గించమంటే విరుచుకుపడే మనిషి ఆ మాట అనేసరికి కొడుక్కి భయమేసింది.

"ఇచ్చినా వాడి దగ్గర కాపీ ఉండనే ఉంటుంది. ఇచ్చిన చెయ్యి కనిపెట్టి మళ్ళీ వస్తారు అత్తయ్యా. ఆ ఉద్యోగంలో నేను విన్న ఏడుపుల్లో సగం రెండోసారి ఇచ్చినవాళ్ళవే. వాడికి బదులు కూడా రాయొద్దు."

"ఒక్కటంటే ఒక్కటి తిట్టి పంపనీవే."

"వద్దు."

ఆ సాయంత్రం రంగులత్త జాకెట్టు ఒకటి చంకలో పెట్టుకుని వీధి దాటింది. టైలర్ వదిన అద్దాల పైనుంచి చూసి, "ఏంటి వదినా, ఈ వేళప్పుడు?" అంది. మెడలో టేపు, నోటి మూల గుండుసూది, గోడలకి ఆ ఊదా రంగు. ఆ గోడ చూడగానే రంగులత్త చంకలోని జాకెట్టు తీసి ముందుకు చాపింది. హుక్కు ఊడిందని చెప్పింది. జాకెట్టుకి హుక్కులన్నీ భేషుగ్గా ఉన్నాయి. టైలర్ వదిన వాటిని ఒక్కొక్కటే లాగి చూసి, గట్టిగా ఉన్న హుక్కునే మళ్ళీ గట్టిగా కుట్టి ఇచ్చింది. రంగులత్త వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. ఇంత పిరికిదాన్నా నేను అని దారంతా తనను తాను తిట్టుకుంది.

తెల్లవారేసరికి ఆవిడకి బుద్ధి పదునెక్కింది. "వాడి చేతిలో ఉన్నదేంటే?" అని కోడల్ని అడిగింది. "ఎవరికీ తెలియని సంగతి. అందరికీ తెలిసిపోయిందనుకో, వాడి చేతిలో ఏముంటుంది? బూడిద!"

షాపు పక్క గోడకి తెల్లగా ఒక పూత వేయించింది. కోడలు కంప్యూటరు బాగుచేసి పాళ్ళు ఎక్కించింది. కొడుకు ఒక్కో రంగూ గరిటెడు కలిపి తెచ్చాడు. రంగులత్త బ్రష్ పట్టుకుని గోడ మీద వరసగా పలకలు పలకలుగా పూసి, ఒక్కోదాని కింద నల్లరంగుతో పేరు రాసింది. అన్నిటికన్నా పైన కోడలు పట్టుబట్టి రాయించిన మాట ఉంది: "మా కంప్యూటర్లో దొంగలు పడ్డారు. మీ ఫోను నంబర్లు వాళ్ళ చేతిలో పడ్డాయి. మా షాపు పేరుతో ఏ మెసేజీ వచ్చినా నొక్కకండి." దాని కింద రంగులత్త సొంతంగా చేర్చింది: "ఫోటో అన్నా సరే నొక్కకండి."

జనం చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు పాలవాడు ఆగాడు. అతణ్ణి చూసి ఇస్త్రీ బండి ఆగింది. పళ్ళ డాక్టరు తెల్లకోటుతోనే వచ్చి, తన నీలం ముందు నిలబడి, పేరు చదివి, ముక్కు మీద వేలేసుకున్నాడు. "భయం పోయేలా అడిగితే పన్నుపీకుడు అని పెడతారా?"

"మీరు పీకినప్పుడు నేను చూసిన రంగు అదే డాక్టరుగారూ" అంది రంగులత్త. నిన్నటిదాకా మనిషి వెళ్ళాక అనే మాటలు, ఇప్పుడు మనిషి ఎదుటే వస్తున్నాయి. నాలుకకి అది కొత్తగానూ బాగానూ ఉంది.

అలిగిన గులాబి జంట తమ పలక ముందు నిలబడి, ఆ రోజు తప్పెవరిదని మళ్ళీ వాదులాడుకోవడం మొదలుపెట్టారు. కుళ్ళు ఆకుపచ్చ ఇల్లాలు ఎర్రబడ్డ మొహంతో, "ఇది ఎవరిదో నాకు బాగా తెలుసు, మా పక్కింటావిడదే" అని ప్రకటించింది. పక్కింటావిడ పైటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. అద్దె ఇళ్ళ ఆసామి పిసినారి తెలుపు దగ్గరికొచ్చి కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది మరీ చిక్కగా పూశావు" అన్నాడాయన. "నేను కొనేది ఇంత చిక్కగా ఉండదు."

జనం గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు, నవ్వుకి ఖర్చేమీ లేదు కదా.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. పచారీ కొట్టాయన గోడంతా రెండుసార్లు వెతుక్కుని, "మా ఇంటి రంగేదమ్మా?" అని అడిగాడు.

"మీది కార్డులో ఉన్న రంగేనండీ. దానికి కంపెనీ పేరే."

"అంటే మాకు పేరు పెట్టలేదా?" ఆయన మొహం చిన్నబోయింది. "ఇన్నేళ్ళుగా మీ దగ్గరే కొంటున్నామే. పేరుకి కూడా పనికిరామా మేము?"

ఆయన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. తిట్టడానికి వచ్చేవాళ్ళ కోసం మాటలు సిద్ధం చేసుకున్న రంగులత్త, అలిగినవాళ్ళని బుజ్జగించాల్సి వస్తుందని అనుకోలేదు. సరిగ్గా ఆ సమయానికే వీధిలో అందరి ఫోన్లూ కీచుకీచుమన్నాయి. దొంగ అన్నంత పనీ చేశాడు, సాయంత్రం దాకా కూడా ఆగలేదు. జనం జేబుల్లోంచి తీసి చూసి, "ఇదే కదా, గోడ మీదున్నదే" అని మళ్ళీ జేబుల్లో పడేసుకున్నారు. కింద ఇంకేదో నొక్కమని కూడా ఉంది. ఎవరూ నొక్కలేదు. పళ్ళ డాక్టరు వేలు అటు వెళ్ళబోతుంటే అద్దె ఇళ్ళ ఆసామి ఆ వేలు పట్టుకుని ఆపాడు.

రంగులత్త మాత్రం నవ్వలేదు. గోడ మధ్యలో ఒక పలకంత చోటు తెల్లగానే ఉండిపోయింది. పక్కన ఊదా రంగు గరిటె ఆరిపోతోంది. బ్రష్ అందులో ముంచింది, తీసింది, మళ్ళీ ముంచింది. ఎదురింటి నుంచి కుట్టు మిషను టకటకలాడుతూనే ఉంది. ఇప్పుడైనా వెళ్ళి చెప్పాలి, ఫోను ఆమెకి కూడా వచ్చే ఉంటుంది, అనుకుంటూ ఆవిడ వీధి వైపు తిరిగింది.

మిషను ఆగింది.

టైలర్ వదిన మెడలో టేపుతోనే వీధి దాటి వచ్చింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఆమె గోడని ఈ చివర నుంచి ఆ చివర దాకా తాపీగా చదివి, తెల్లటి చోటు దగ్గర ఆగింది.

"నాదేది వదినా?"

రంగులత్త పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆవిడ నోట మాట రాకపోవడం వీధి ఎన్నడూ చూడలేదు. కోడలు ఒక అడుగు ముందుకు వేసింది. టైలర్ వదిన చేత్తోనే ఆగమంది. రంగులత్త చేతిలోంచి బ్రష్ తీసుకుని, ఊదా రంగు పలక పూసింది. తర్వాత నల్లరంగు బ్రష్ తీసుకుని, దాని కింద తనే, గుండ్రటి అక్షరాలతో, ఏడుపు ఊదా అని రాసింది.

"నీకు... నీకెలా తెలుసు? ఫోను చూశావా?"

"ఫోనెందుకు? 'ఒరేయ్, ఏడుపు ఊదా ఒక డబ్బా' అని నువ్వు పెట్టే కేకకి మా షాపులో దారం ఉండలు దొర్లుతాయి. నువ్వు నోరు తెరిస్తే చాలు, నేను పెడల్ మీంచి కాలు తీసేస్తా. ఈ వీధిలో నీ పేర్లన్నీ నాకు ఎప్పటి నుంచో తెలుసు. నీ పాస్‌వర్డ్ కూడా తెలుసు."

రంగులత్త తల దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి అటు తిరిగి వెతకడానికి డబ్బాలు కూడా లేవు, వెనక గోడే ఉంది. "నామీద కోపంగా లేదా వదినా?"

"ఎందుకు లేదు? బోలెడంత ఉంది." టైలర్ వదిన బ్రష్ డబ్బాలో పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. "ఆ పేరు పెట్టావని కాదు. ఆ రోజు ఏడ్చాను, ఏడ్చినదానికి ఏడుపనే పెట్టావు. నేను ఏడుపు మానేసి ఎన్నేళ్ళయింది? రోజూ నా ఎదురుగా కూర్చుని నాతో టీ తాగుతావు, నాతో కలిసి పగలబడి నవ్వుతావు. నీ కంప్యూటర్లో మాత్రం నేనింకా ఏడుస్తూనే ఉన్నానా? ఒక్కసారైనా మార్చాలని తోచలేదా నీకు?"

రంగులత్త ముక్కు ఎగబీల్చి, కొంగుతో మొహం తుడుచుకుని, తలెత్తింది. "ఏం పేరు పెట్టమంటావు?"

"అది నీ పని. నేను జాకెట్లు కుడతా, పేర్లు పెట్టను."

రంగులత్త ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు మూత మీద ఆరిన రంగుని చూసే చూపే. అద్దాల వెనక కళ్ళు, నోటి మూల గుండుసూది పెట్టుకుని పెట్టుకుని పడిన చిన్న గీత, ఆ గీతలో కనిపించీ కనిపించని వెటకారం. ఇన్నేళ్ళుగా చూస్తూ చూడనిది ఇదే. ఆవిడ ఒక్క ఉదుటున షాపులోకి వెళ్ళి, కంప్యూటరు ముందు కూర్చుని, అలవాటు కొద్దీ గొంతెత్తింది.

"అమ్మాయ్! పాస్‌వర్డ్ ఏంటే?"

పాలవాడు, ఇస్త్రీ బండివాడు, డాక్టరు, ఆసామి, వీధి వీధంతా చెవులు రిక్కించింది. కోడలు నోరు విప్పలేదు. లోపలికి వచ్చి, కౌంటరు మీదికి వంగి, అత్తగారి చెవిలో గుసగుసగా ఏదో చెప్పింది. చాలా పొడుగ్గా ఉంది కాబోలు, చాలాసేపు చెప్పింది. రంగులత్త పెదాలు బిగించి, ఒక్క అక్షరం కూడా పైకి రానివ్వకుండా కొట్టింది. పాత పేరు చెరిపి కొత్త పేరు రాసింది: పెడలాపి వినే ఊదా.

బయట గోడ దగ్గర నుంచి టైలర్ వదిన అరిచింది. "వదినా! పాస్‌వర్డ్ నాకు వినబడలేదు!"

"వినబడదు!" అని రంగులత్త లోపల్నుంచి కేకేసింది. "ఇకమీదట టీకి వచ్చి నన్నే అడుగు. అడిగినా చెప్పను!"